దొరికినది ఎవరిది?

కష్టించి సంపాదించినది మనది. అందులో మన అవసరమునకు మించినది దాసోహమునకు చెందినది. ఈ రెండు మాటలను శరణ కుటుంబములలో పుట్టిన ప్రతి బిడ్డయు పెద్దల ఒడిలోనే నేర్చుకొనును. అప్పు తెచ్చినది మనది కాదు. దొంగిలించినది మనది కాదు. ఇవియు అందరికీ తెలిసినవే. కాని వీనిలో దేనికిని చెందనిది మరియొకటి కలదు. దానికై మనము కష్టించలేదు, ఎవరిని అడుగలేదు, ఎవరి నుండి లాగుకొనలేదు. దారిన పోవుచుండగా కాలికి తగిలి దొరికినది. అది ఎవరిది?

చిన్న ప్రశ్న వలె కనిపించును. నేనును చాలా కాలము అట్లే అనుకొంటిని. ఈ ఏడు వేసవి సెలవులలో గోదావరి ఒడ్డున పన్నెండేండ్ల మనుమరాలితో నడచిన తరువాత ఈ ప్రశ్న నన్ను నిదుర పోనీయలేదు. ఆ సంగతి దాచకుండ చెప్పుకొనుటయే ఈ వ్యాసమునకు కారణము.

ఒక ఆట, దాని నియమములు

మా అమ్మాయి కుటుంబము అమెరికాలో ఉన్నది. సెలవులకు వచ్చిన మనుమరాలు కరీంనగరులో రెండు రోజులు గడువకముందే తన సెల్ ఫోను చూపి ఒక ఆట గురించి చెప్పినది. దాని పేరు జియోకాషింగ్. ఒకరు ఒక చిన్న డబ్బాను ఎక్కడనో దాచెదరు. అది చెట్టు తొర్ర కావచ్చు, బండ సందు కావచ్చు, సముద్రపు ఒడ్డు కావచ్చు. ఆ చోటు యొక్క అక్షాంశ రేఖాంశములను అందరికీ తెలియజేసెదరు. చేతిలో జీపీఎస్ గలవారెవరైనను ఆ అంకెలను పట్టుకొని వెదకుచు పోవచ్చును.

ఈ ఆట పుట్టుక విచిత్రమైనది. ఆకాశమున ఇరవై వేల కిలోమీటర్లకు పైబడిన ఎత్తులో తిరుగు ఉపగ్రహములు సమయ సంకేతములను పంపుచుండును. కనీసము నాలుగు ఉపగ్రహముల సంకేతములు అందినచో మన చేతిలోని యంత్రము మనమున్న చోటును లెక్కగట్టును. అమెరికా సైన్యము కొరకు ఏర్పడిన ఈ వ్యవస్థలో సామాన్యులకు అందు సంకేతమును చాలా కాలము కావలెననియే కొంత తప్పుగా ఉంచిరి. అందుచేత సుమారు నూరు మీటర్ల వరకు తేడా వచ్చెడిది. 2000 సంవత్సరము మే నెల మొదటి రోజులలో ఆ దేశ ప్రభుత్వము ఆ అడ్డును తొలగించెను. వెంటనే, మే 3వ తేదీన, డేవ్ అల్మర్ అను నతడు ఓరెగాన్ రాష్ట్రములోని బీవర్ క్రీక్ సమీపమున ఒక ప్లాస్టిక్ బకెట్టులో కొన్ని వస్తువులను, ఒక పుస్తకమును, పెన్సిలును ఉంచి, ఆ చోటు అంకెలను లోకమునకు ప్రకటించెను. మూడు రోజులలోపే ఇద్దరు దానిని కనుగొనిరి. నేడు లోకమంతట ముప్పది లక్షలకు పైగా ఇట్టి డబ్బాలు దాగి యున్నవి.

ఇంతవరకు విని నేను నవ్వితిని. "దాచిపెట్టుడు ఎందుకు, వెతుకుడు ఎందుకమ్మా? చేతిలనే పెట్టుకోరాదా?" అంటిని. ఆ పిల్ల నవ్వలేదు. ఆట నియమములను వేళ్లపై లెక్కపెట్టి చెప్పినది. డబ్బా దొరికినచో అందులోని పుస్తకములో పేరు, తేదీ వ్రాయవలెను. లోపలి వస్తువు ఏదైన తీసుకొనవచ్చును. కాని దానికి సమానమైనదో, అంతకంటె మేలైనదో మారుగా ఉంచవలెను. డబ్బాను ఎక్కడ ఏ విధముగా ఉన్నదో అక్కడనే ఆ విధముగా తిరిగి పెట్టవలెను. తరువాత వచ్చువారికి అది దొరకవలెను గదా! చివరి నియమము మరియు ముఖ్యమైనది. దాచుటకు గాని, వెదకుటకు గాని భూమిని త్రవ్వరాదు.

ఈ నియమములను ఏ మఠమును విధించలేదు, ఏ పోలీసును కాపలా కాయడు. అడవిలో ఒంటరిగా డబ్బా తెరచువాడు అన్నియు జేబులో వేసికొని పోయినను చూచువారు లేరు. అయినను ఈ ఆట పాతికేండ్లుగా సాగుచున్నదనగా, ఎక్కువమంది ఆ నియమమును పాటించుచున్నారనియే అర్థము.

గోదావరి ఒడ్డున

మా ప్రాంతమున సముద్రము లేదు. మాకు గోదావరియే సముద్రము. మా అబ్బాయి కొడుకు తన మేనత్త కూతురి కొరకు ఒక డబ్బాను సిద్ధపరచి, ముందురోజు సాయంత్రము కోటిలింగాల వద్ద నది ఒడ్డున దాచి వచ్చెను. చిరునామాకు బదులు రెండు వరుసల అంకెలు వ్రాసి ఆమె చేతికిచ్చెను. మరునాడు తెల్లవారకముందే నేనును ఆమెయు బయలుదేరితిమి.

కోటిలింగాల పూర్వపు కరీంనగరు జిల్లాలోనిది. 2016లో జిల్లాల విభజన జరిగిన తరువాత జగిత్యాల జిల్లాలో చేరినది. పెద్దవాగు వచ్చి గోదావరిలో కలియు చోట ఉన్నది. ఒడ్డున కోటేశ్వరస్వామి ఆలయము కలదు. నదికి ఆవలి ఒడ్డు పూర్వపు ఆదిలాబాదు జిల్లా, ఇప్పటి మంచిర్యాల జిల్లా. శ్రీపాద ఎల్లంపల్లి జలాశయపు వెనుక నీరు చేరినప్పటి నుండి నది ఇక్కడ వెడల్పుగా, నిలిచిన చెరువు వలె కనిపించును.

మనుమరాలు ఫోనును అరచేతిలో పెట్టుకొని ముందు నడచినది. నేను చేతికర్రతో వెనుక నడచితిని. ఆమె దారిలో నాకు లెక్క చెప్పినది. అక్షాంశములో ఒక డిగ్రీ అనగా సుమారు 111 కిలోమీటర్లు. దానిలో అరువదవ వంతు ఒక నిమిషము, అనగా రెండు కిలోమీటర్లకు కొంచెము తక్కువ. ఆ నిమిషమును వేయి భాగములు చేసినచో ఒక్కొక్క భాగము రెండు మీటర్లకు లోపుగా ఉండును. అందుచేత చుక్క తరువాతి మూడవ అంకె వరకు తప్పు లేకుండ వ్రాయవలెనట. "ఒక్క అంకె తప్పు రాస్తే బావ నన్ను నీళ్లల్లో దింపుతడు తాతా" అన్నది.

తుమ్మ చెట్ల నడుమ, ముండ్లు తప్పించుకొనుచు, ఒండ్రు మట్టి మీద నడచితిమి. ఫోను మమ్ము ఐదారు మీటర్ల దగ్గరకు చేర్చి ఊరకున్నది. అక్కడి నుండి కన్నులే ఆధారము. పావుగంట వెదకిన పిమ్మట ఒక వేపచెట్టు వేరు క్రింద, ఎండుటాకుల చాటున, మూత గట్టిగా బిగించిన స్టీలు డబ్బా కనబడినది. అందులో ఒక చిన్న నోటు పుస్తకము, పెన్సిలు, ఒక రంగు రాయి, చెక్క బొంగరము, నాలుగు గాజులు ఉన్నవి. ఆమె బొంగరము తీసికొని, తన మెడలోని పూసల దండను ఉంచినది. పుస్తకములో పేరు వ్రాసినది. నా చేతను వ్రాయించినది. ఆకులను మునుపటి వలె కప్పినది. లేచి నిలబడి, "తాతా, నీకు ఎప్పుడన్నా ఇట్ల ఏమన్నా దొరికిందా?" అని అడిగినది.

నా నాణెము

దొరికినది. అదియు ఆ ఒడ్డుననే.

1979 ప్రాంతమున నేను యువ ఉపాధ్యాయుడను. ఒక వర్షాకాలము గడచిన తరువాత మిత్రులతో కోటిలింగాలకు పోయినప్పుడు, వాన నీరు కోసిన మట్టి అంచున పచ్చబడిన చిన్న రాగి బిళ్ల కాలికి తగిలినది. తుడిచి చూడగా ఒక వైపు ఏనుగు వలె కనిపించు ఆకారము, మరియొక వైపు నాలుగు వలయములు కలిపినట్టి గుర్తు ఉన్నవి. పండితులు దానిని ఉజ్జయిని చిహ్నమందురని తరువాత తెలిసినది. మిత్రులకు చూపలేదు. జేబులో వేసికొంటిని. ఇంటికి వచ్చి ఒక వెండి భరిణెలో దాచితిని. నలువది యేండ్లకు పైగా అది మా దేవుని గదిలోనే ఉన్నది. నేను దానిని అమ్మలేదు, ఎవరిని మోసగించలేదు. పాత వస్తువును గౌరవముతో కాపాడుచున్నానని నాకు నేనే చెప్పుకొంటిని.

ఈ సంగతి మనుమరాలికి చెప్పితిని. ఆమె సంతోషించుననుకొంటిని. ఆమె రెండే ప్రశ్నలు వేసినది. "మరి దాని బదులు నువ్వేం పెట్టినవ్ తాతా? ఏడ దొరికిందో ఏడన్న రాసినవా?"

రెండింటికిని నా వద్ద జవాబు లేదు. ఏమియు ఉంచలేదు. ఎక్కడను వ్రాయలేదు. పది రూపాయల బొంగరము తీసికొన్న పిల్ల దానికి మారుగా తన పూసల దండ నిచ్చి, తేదీ వేసి, పేరు వ్రాసినది. రెండు వేల యేండ్ల నాటి నాణెమును తీసికొన్న నేను, నలుగురికి నీతి చెప్పి బ్రతికినవాడను, మాట రాక నిలబడితిని.

చోటు తెలియని సాక్షి

నా తప్పు ఎంతటిదో తెలియవలెనన్న, కోటిలింగాల ఏమిటో కొంత చెప్పవలెను. 1970ల చివరి సంవత్సరములకు ముందు చాలామందికి ఇది నది ఒడ్డున ఒక పల్లె మాత్రమే. వానలు కురిసినప్పుడెల్ల అచటి దిబ్బలలో నాణెములు బయటపడుచుండెను. చరిత్రపై ప్రేమ గల కొందరు స్థానికులు వానిని ఏరి, ఎక్కడ దొరికినవో గుర్తుంచుకొని పండితులకు చూపిరి. పి.వి. పరబ్రహ్మశాస్త్రి వంటి విద్వాంసులు వానిపై అక్షరములను చదివిరి. గోబద, నారన, కంవాయ, సమగోప అను రాజుల పేర్లు వెలుగులోనికి వచ్చినవి. శాతవాహన వంశపు ఆదిపురుషుడుగా పురాణములు చెప్పు శ్రీముఖుని పేరు గల నాణెములును, చిముక అను రూపమున, ఇక్కడనే లభించినవి. తరువాత అప్పటి ఆంధ్రప్రదేశ్ పురావస్తు శాఖ వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యమున త్రవ్వకములు జరిపించగా మట్టికోట, ఇటుక కట్టడములు, మట్టి వరలు దించిన బావులు బయటపడినవి. తొలి శాతవాహనులకు తెలంగాణముతో గల సంబంధమును గూర్చి జరుగు చర్చకు ఈ నాణెములు బలమైన ఆధారములైనవి.

ఇక్కడ గమనింపవలసినది ఒకటి కలదు. ఆ రాగి బిళ్లకు లోహముగా విలువ లేదు. దాని విలువ అంతయు అది దొరికిన చోటులోనే ఉన్నది. ఏ పొరలో, ఏ ఇటుక ప్రక్కన, ఏ కుండ పెంకు క్రింద దొరికినదను సంగతియే దానిని సాక్షిగా నిలబెట్టును. ఆ పొరకు పైన ఉన్నది తరువాతి కాలపుది, క్రింద ఉన్నది ముందటిది. పురావస్తు శాస్త్రమంతయు ఈ చిన్న సూత్రము మీదనే నడచును. చోటు నుండి పెరికి తెచ్చిన నాణెము, కోర్టులో తన ఊరు, పేరు చెప్పలేని సాక్షి వంటిది. అబద్ధము చెప్పదు. నిజమును చెప్పలేదు. నేను ఒక నాణెమును తీసికొంటిననియే ఇన్నాళ్లు అనుకొంటిని. ఒక సాక్షి నోరు మూసితినని ఇప్పుడు తెలిసినది.

త్రవ్వువారు

నా తప్పు చిన్నదని సమాధానపడుటకు ఒక దారి కలదు. అంతకంటె పెద్ద తప్పు చేయువారిని చూపుటయే ఆ దారి. మా ఉత్తర తెలంగాణములో అట్టివారికి కొదువ లేదు. గుప్తనిధుల పేరిట పాత గుడులను, గుట్టలపై కోటలను అర్ధరాత్రి వేళ త్రవ్వువారి వార్తలు తరచుగా పత్రికలలో చదువుచున్నాము. నంది కడుపులో రత్నములున్నవని నందిని పగులగొట్టెదరు. లింగము క్రింద బంగారమున్నదని పానవట్టమును పెకలించెదరు. అంజనము వేసి చూపెదమని చెప్పు మాయగాండ్రు వారి వెంట ఉందురు. కోడిని కోసెదరు, మేకను కోసెదరు. వారికి నిధి దొరికినదో లేదో గాని, గుడికి గల శాసనము పగులును, శిల్పము విరుగును. వేయి యేండ్ల నాటి ఊరి చరిత్ర ఒక రాత్రిలో గుంతయై మిగులును.

శివుని చేతిలో, మెడలో ధరించు మన సంప్రదాయము వారికి దీనికంటె దుఃఖకరమైనది మరియొకటి ఉండదు. లింగమును చూచి దాని అడుగున ఏమున్నదని ఆలోచించువాడు లింగమును చూచినవాడు కాడు.

అయినను నేను వారికంటె మంచివాడనని చెప్పుకొనలేకున్నాను. వారు పలుగుతో చేసిన పనినే నేను రెండు వ్రేళ్లతో చేసితిని. దొరికినదానిని గూర్చి ఇద్దరి అభిప్రాయము ఒక్కటే: "కనుగొన్నవానికే హక్కు." త్రవ్వువానికి ఆ అభిప్రాయముతో పాటు ఆశయు ఎక్కువ, ధైర్యమును ఎక్కువ. భేదమంతే.

పేదవాని ప్రశ్న

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ రావచ్చును. ఒక పేద రైతు తన చేను దున్నుచుండగా నాగలికి కుండ తగిలినది. అందులో పది బంగారు నాణెములున్నవి. పాతిపెట్టినవాడు ఎన్నడో గతించెను. ఆ రైతు కూతురి పెండ్లి ఆగియున్నది, అప్పు నెత్తిమీద ఉన్నది. అతనిని పట్టుకొని, అది నీది కాదు అని చెప్పుటకు జీతము, పింఛను తినుచున్న నా వంటివానికి నోరెట్లు వచ్చును?

ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. 1878లో చేసిన నిధుల చట్టమును చదివినచో ఆశ్చర్యము కలుగును. పది రూపాయలకు మించిన విలువ గల నిధి భూమిలో దొరికినచో, ఆ నిధి ఎట్టిది, దాని విలువ ఎంత, అది ఎక్కడ దొరికినది, ఏ తేదీన దొరికినది అను సంగతులను కలెక్టరునకు వ్రాసి ఇవ్వవలెనని ఆ చట్టము చెప్పెను. దాచినవారు గాని వారి వారసులు గాని లేరని తేలినచో, వేరు ఒప్పందము లేనప్పుడు, కనుగొన్నవానికి మూడు పాళ్లు, భూమి యజమానికి ఒక పాలు చెందునని నిర్ణయించెను. ప్రభుత్వము దానిని తీసికొనదలచినచో వెల చెల్లించవలెనని కూడ ఏర్పరచెను.

తెల్లదొరల కాలపు ఈ చట్టము కూడ పేదవానిని మొదట అడిగినది ధనము కాదు. చెప్పుమన్నది. ఎక్కడ, ఎప్పుడు, ఏమి అని చెప్పుమన్నది. ఫలము తరువాతి మాట. అనగా దొరికినవానికి పాలు లేకపోలేదు. కాని పాలుకంటె ముందు బాధ్యత నిలిచినది. చెప్పకుండ దాచినవాడు పాలును పోగొట్టుకొనును. నాకు ఇది అన్యాయముగా తోచలేదు. పేదరికము ఆ రైతుకు ఎక్కువ పాలు అడుగు హక్కునిచ్చును, దాచు హక్కునీయదు. అతడు చెప్పుటకు భయపడని విధముగా వ్యవహరించుట అధికారుల బాధ్యత. కచ్చేరి మెట్లెక్కినవాడు దొంగ వలె నిలబడవలసి వచ్చినచో, మరునాడు దొరికినవాడెవడును మెట్లెక్కడు.

శరణులు దొరికినదానిని ఏమి చేసిరి?

మన శరణుల కథలలో దొరికిన ధనము మాటిమాటికి వచ్చును. బసవన్న బాల్యము తరువాతి జీవితమునకు సంబంధించి ఒక కథ ప్రచారములో నున్నది. బిజ్జలుని కొలువులో ఎవరును చదువలేని లిపిలో ఒక పత్రము లభించెనట. బసవన్న దానిని చదివి, సింహాసనము క్రింద నిధి ఉన్నదని చెప్పెనట. గుర్తు చదివి నిధి కనుగొను మా మనుమరాలి ఆటకు ఇది తాత వంటిది. ఆ గుర్తు చదువగలిగినవాడు సభలో ఒక్కడే. ఆయన ఊరకుండి, తరువాత త్రవ్వించుకొనినను అడుగువాడు లేడు. కాని ఆయన చదివినదానిని సభలోనే చెప్పెను. నిధి రాజ్య భాండాగారమునకు చేరెను. ఆయనకు దక్కినది ఆ బంగారము కాదు. దానిని కాపాడు కొలువు. కనుగొన్నవాడు యజమాని కాలేదు, భాండారి అయ్యెను. ఈ కథను చరిత్రగా తీసికొన్నను, నీతిగా తీసికొన్నను దాని సారము మారదు.

ఆయ్దక్కి మారయ్య కథ మరియు సూక్ష్మమైనది. రాలిన బియ్యపు గింజలను ఏరుకొనుటయే ఆయన కాయకము. ఆ పేరునకే కన్నడమున ఏరిన బియ్యమని అర్థము. అనగా దొరికినదానిని ఏరుకొని బ్రతుకుటయే ఆయన వృత్తి! ఒకనాడు రోజుటి కంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ సంతోషించలేదు. మనకు కావలసిన దానికంటె ఇది ఎక్కువ, ఎక్కడి నుండి తెచ్చితివో అక్కడనే పోసి రమ్మని వెనుకకు పంపెను. ఆ గింజలు నేలపాలైనవే. వానిని అడుగువారు లేరు. అయినను ఆ తల్లి ఎవరును అడుగరు గదా అని ఆలోచించలేదు. తమకు ఎంత కావలెనని ఆలోచించెను. దొరికిన చోటునకే తిరిగి పోసి రమ్మన్న ఆ మాటను తలచుకొన్నప్పుడు, ఆకులు కప్పి డబ్బాను యథాస్థానమున పెట్టిన చిన్న చేతులు నా కన్నులలో మెదలుచున్నవి.

మోళిగె మారయ్య కట్టెలు కొట్టి బ్రతికినవాడు. బసవన్న ఆయన యింటికి మారువేషమున వచ్చి, అంబలి త్రాగి, బంగారు నాణెములను రహస్యముగా ఉంచి పోయెనని చెప్పుదురు. పాల్కురికి సోమనాథుడు తన బసవపురాణములో ఈ భక్తుని కథను మనకు తెలుగులో అందించెను. తన యింటిలోనే దొరికిన ఆ ధనమును మారయ్య తనదనుకొనలేదు. జంగములకు పంచెను. ఇంట దొరికినంత మాత్రమున అది ఇంటిది కాదు. కాయకము వలన వచ్చినదే ఇంటిది.

ఈ మూడు కథలలో మూడు మార్గములు కనిపించుచున్నవి. ఒకరు చెప్పిరి. ఒకరు తిరిగి పెట్టిరి. ఒకరు పంచిరి. దాచినవారు ఎవరును లేరు.

నేల అడుగున ఇంకను ఉన్నది

ఈ విచారము నాణెములతో ముగియదు. మా కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములలో నేల అడుగున దాగిన పెద్ద నిధులు రెండు. ఒకటి బొగ్గు. రామగుండము నుండి మంచిర్యాల, బెల్లంపల్లి వరకు సింగరేణి గనులు దానిని త్రవ్వుచున్నవి. అది ఎవరి పొలము క్రింద ఉన్నను జాతి సొత్తని అందరును ఒప్పుకొనిరి. రెండవది నీరు. దీని విషయములో మాత్రము మనమందరము నిధి వేటగాండ్రమే. నా చెలకలో బోరు వేసితిని, నీరు పడినది, అది నాది అనుచున్నాము. కాని బండ పగుళ్లలో నిలిచిన నీటికి గెట్టు లేదు. నా బోరు లోతైన కొలది ప్రక్కవాని బావి ఎండును. వాడు ఇంకను లోతుకు పోవును. చివరకు ఇద్దరి మోటార్లును గాలిని లాగును.

దొరికినది నాది అను మాట ఇక్కడ పొరుగువాని గొంతు తడి ఆర్చును. తీసికొన్నదానికి మారుగా ఏదైన ఉంచవలెనను పిల్లల ఆట నియమము ఇక్కడ ఎంత పనికివచ్చును! బోరు వేసినవాడు చేనిలో ఇంకుడు గుంత తీసినచో, ఊరి చెరువు పూడిక ఎత్తుటకు రెండు రోజులు చేయి కలిపినచో, తీసికొన్న నీటికి కొంత మారు ఉంచినవాడగును. దాసోహమనగా పంక్తిలో అన్నము పెట్టుట మాత్రమే కాదు. మన తరువాత వచ్చి డబ్బా తెరచువానికి అది ఖాళీగా కనబడకుండ చూచుటయు దాసోహమే.

ఈ విధముగా ఆలోచించగా మొదటి ప్రశ్నకు నాకు ఒక సమాధానము దొరికినది. దొరికినది దొరికినవానిది కాదు. అది ముందు దాచినవానికిని, తరువాత వెదకువానికిని నడుమ మన చేతికి వచ్చినది. కష్టార్జితము మనకు హక్కును తెచ్చును. దొరికినది ఋణమును తెచ్చును. కనుగొన్న ఆనందము పూర్తిగా మనది. దానిని ఎవరును తీసికొనలేరు, మనము ఎవరికి అప్పగింప పని లేదు. వస్తువు మాత్రము అట్లు కాదు.

అప్పగింత

మనుమరాలు అమెరికాకు పోవుటకు నాలుగు రోజుల ముందు, వెండి భరిణె నుండి ఆ నాణెమును తీసి, ఆమెను వెంటబెట్టుకొని పురావస్తు శాఖ వారి కార్యాలయమునకు పోతిని. చేతులు వణకినవి. అక్కడి ఉద్యోగి నన్ను కసరలేదు. కుర్చీ వేసి, నీరు ఇచ్చి, కాగితము ముందు పెట్టుకొని మర్యాదగా అడిగెను.

"ఎక్కడ దొరికింది సార్?"

"కోటిలింగాలలో, పెద్దవాగు దగ్గర."

"పెద్దవాగుకు ఏ వైపు? దిబ్బ మీదనా, కిందనా? ఎంత లోతుల?"

నేను కన్నులు మూసికొని జ్ఞప్తికి తెచ్చుకొన ప్రయత్నించితిని. తడిసిన మట్టి వాసన గుర్తున్నది. మిత్రుల నవ్వులు గుర్తున్నవి. ఆ చోటు గుర్తు లేదు. గుర్తున్నను ప్రయోజనము లేదు. నేను నడచిన ఆ అంచు మీద ఇప్పుడు జలాశయపు నీరు నిలిచియున్నది. అతడు ఒక నిమిషము ఆగి, ఆ గడిలో "కోటిలింగాల" అని మాత్రము వ్రాసి, మిగిలినది ఖాళీగా విడిచెను.

మనుమరాలు ఆ ఖాళీ గడిని చూచినది. ఏమియు అనలేదు. బయటికి వచ్చిన తరువాత నా చేయి పట్టుకొని, "ఇప్పుడన్న ఇచ్చినవ్ గద తాతా" అన్నది.

ఇచ్చితిని. కాని సగమే ఇచ్చితిని. మిగిలిన సగము నీటి అడుగున ఉన్నది. దానిని ఇక ఏ ఉపగ్రహమును చూపలేదు. ఈ వ్యాసము చదువు శరణ బంధువుల ఇండ్లలో, మఠములలో తాతల నాటి రాగి రేకులు, తాళపత్రములు, నాణెములు, విరిగిన శాసనపు ముక్కలు ఉండవచ్చును. వానిని పసుపు కుంకుమలతో పూజించి మూటకట్టి ఉంచియుండవచ్చును. అవి ఎక్కడివో చెప్పగల పెద్దలు ఇంకను బ్రతికియున్నారు. వారి వద్ద కూర్చుండి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి దొరికినదో ఈ రోజే ఒక కాగితము మీద వ్రాసి ఆ వస్తువుతో కూడ ఉంచుడు. ఆ పైన తగినవారికి చూపుడు. వస్తువు నిలిచియుండును. చెప్పు నోరు నిలిచియుండదు.

శరణు శరణార్థులు.